ఫుకువోకాకు అమెరికా మీదుగా

మా అత్తయ్యకు చెవి పోయిందని మొదట అన్నది మాల్‌జా పిన్ని. అదీ ఎదురుగా కాదు. మా ఇంట్లోనే, మా సోఫాలోనే కూర్చుని, నేను చెక్కు తీసి ఇచ్చిన బేరిపండు ముక్క నోట్లో వేసుకుని పక్కావిడ చెవిలో అంది. అత్తయ్య అప్పుడు స్నానాలగదిలో ఉంది. చెవి పోయిన మనిషికి మూసిన తలుపు అవతలనుంచి ఆ మాట శుభ్రంగా వినబడింది.

"ఎవరికే చెవి పోయింది?" అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నా చెవిపోగు పోయిందంటున్నా అక్కా" అంది మాల్‌జా పిన్ని, కాస్త కూడా తడబడకుండా.

రెండు పోగులూ ఆవిడ చెవులకే వేలాడుతున్నాయి. అత్తయ్య వాటిని ఒకటీ రెండూ అని వేలితో చూపించి, ఏమీ అనకుండా కూర్చుంది. ఆవిడ ఏమీ అనకపోవడం మంచి శకునం కాదని పాతికేళ్ళ కోడలిగా నాకు తెలుసు.

మా అత్తయ్య పేరు ప్యో బొంగ్‌సూన్. డెబ్బై మూడేళ్ళు. బుసాన్‌లో మా సొంగ్‌జొంగ్ ఒడ్డున పన్నెండుమంది ఆడవాళ్ళ మేళం ఒకటుంది. దానికి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడే నాయకురాలు. మేళంలో డోళ్ళు ఎన్ని ఉన్నా, పెద్ద గంట ఎంత పెద్దదైనా, అరచేతిలో ఇమిడే ఆ చిన్న కంచు జేగంట పట్టుకున్నదే నాయకురాలు. అది ఎటు పరిగెత్తితే అందరూ అటు. మాల్‌జా పిన్నిది దానికి జవాబు కొట్టే రెండో జేగంట. ఆవిడది కూడా ముప్పై ఒక్క ఏళ్ళ నుంచీ రెండోదే.

ఆ అక్టోబరు పండుగకు మా ఒడ్డునా, సముద్రం అవతల జపాన్‌లోని ఫుకువోకా ఒడ్డునా ఒకే సమయంలో ఒకే మేళం మోగించాలని నిర్ణయమైంది. ఇక్కడొక పెద్ద తెర, అక్కడొక పెద్ద తెర. అక్కడి జట్టుకు పెద్ద మియహరా గారు. ఆవిడ తల్లిది మా వీధే. కొరియన్ నెమ్మదిగా, ఒక్కో మాటా కడిగి ఆరబెట్టినట్టు మాట్లాడుతుంది. వాళ్ళు డోలు మీద నడక మొదలుపెట్టాలి, మా అత్తయ్య జేగంటతో అందుకోవాలి, అక్కణ్ణుంచి రెండు ఒడ్డులనూ ఆవిడే నడిపించాలి. ప్రతి మంగళవారం పొద్దున పది గంటలకు మా హాల్లో సాధన. ఇంటినుంచి ఇంటికి నేరుగా మోత పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి వాళ్ళే పంపారు. లాప్‌టాప్ నాది, బార్లీ టీ నాది, తర్వాత గిన్నెలు తోమడమూ నాదే.

మొదటి మంగళవారం మియహరా గారు, "బొంగ్‌సూన్ గారూ, మీ మోత కొంచెం వెనకబడుతోందేమో. మా వైపు వాతావరణం వల్ల కావచ్చు" అన్నారు. ఆవిడ మర్యాద అలాంటిది. ఎదుటివాళ్ళ తప్పును వానమీద పెడతారు.

మూడో మంగళవారానికి అత్తయ్య సర్దుకుంది. అప్పుడు మియహరా గారు ఇంచుమించు బాగుందన్నారు. కానీ మా హాల్లో డోళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు గొడవ మొదలుపెట్టారు.

"అక్కా, నువ్వు ముందుగా కొట్టేస్తున్నావు. ఆ డోలు వినబడకముందే నీ గంట మోగిపోతోంది."

"అలా కొడితేనే అక్కడ సరిగ్గా పడుతోంది."

"మరి మేం ఎవర్ని పట్టుకుని నడవాలి? నిన్నా, వాళ్ళనా?"

ఇక్కడివాళ్ళకు సరిపెడితే అక్కడ వెనక, అక్కడివాళ్ళకు సరిపెడితే ఇక్కడ ముందు. మధ్యలో ఒక్క మనిషి. సరిగ్గా అప్పుడే మాల్‌జా పిన్ని ఆడవాళ్ళ జుట్టుకు ఉంగరాలు తిప్పే తన షాపులో కూర్చుని, ఊరికే సరదాకని, ఒక సాయంత్రం మియహరా గారితో సాధన చేసింది. అది చక్కగా కుదిరింది. ముందూ లేదు, వెనకా లేదు. ఆ కబురు మర్నాడు చేపల బజారు చివరిదాకా వెళ్ళింది. బేరిపండు తింటూ అన్న మాట దాని తోకే.

ఆ రోజు అందరూ వెళ్ళేముందు మియహరా గారు తెరమీద తల వంచి, వచ్చే మంగళవారం కూడా కుదరకపోతే ఈ ఒక్కసారికీ మొదటి జేగంట మాల్‌జా గారు పట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించమన్నారు. మేళంలో ఎవరూ కాదనలేదు. అత్తయ్య జేగంటను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. నేనొచ్చిన పాతికేళ్ళలో దాన్ని బీరువాలో పెట్టడం నేను చూడలేదు. అది ఎప్పుడూ వంటింటి గోడకు, గరిటెల పక్కనే ఉండేది.

మా ఆయనకు విషయం చెబితే తనకు తెలిసిన ఏకైక వైద్యం చేశాడు. ఇంటర్నెట్ వేగం పెంచమని కంపెనీకి చెప్పాడు. ఈ దేశంలో మగవాళ్ళు తలనొప్పికి మాత్ర వేసుకోరు, లైను వేగం పెంచుకుంటారు. వేగం రెట్టింపైంది. ఆలస్యం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

నేను కంపెనీకి ఫోన్ చేశాను. సియోల్ నుంచి ఒక అమ్మాయి, పుస్తకంలోంచి చదువుతున్నంత ముద్దుగా, "మిమ్మల్ని ప్రేమిస్తున్నాం, వినియోగదారు గారూ" అంది. మా కంపెనీ వాళ్ళు ఫోనెత్తగానే అలాగే అంటారు. స్పీకరు పెట్టి ఉండటంతో అత్తయ్య విన్నది.

"పెళ్ళయిన యాభై ఏళ్ళలో మీ మావయ్య అనలేదు ఆ మాట" అంది. "ఏం కావాలో అడుగు, ఇచ్చేలా ఉంది."

ఆ అమ్మాయి ఇచ్చింది వేగం లెక్క. మా లైను దేశంలోనే శ్రేష్ఠమైన తరగతికి చెందుతుందట, ఆవిడ తెరమీద అంతా పచ్చగా కనిపిస్తోందట. అవతల వాళ్ళ దేశంలో లోపం ఉండవచ్చునట. బుసాన్ నుంచి ఫోన్ చేస్తే సియోల్ ఎప్పుడూ చెప్పేది అదే. లోపం ఉంటే అవతల ఉంటుంది.

ఆ మధ్యాహ్నం నేను ముల్లంగి తరుగుతుంటే అత్తయ్య వచ్చి పక్కన నిలబడింది.

"దావున్ అమ్మా" అంది, మా దగ్గర కోడల్ని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. "ఆ పిల్ల అంతా బాగుందంది. నీకేమనిపిస్తోంది?"

"మీకేమనిపిస్తోందో చెప్పండి ముందు."

ఆవిడ నా చేతిలోంచి కత్తి తీసుకుని, మొద్దువైపు తిప్పి, చెక్కమీద రెండు దెబ్బలు వేసింది. ఒకటి, కొంచెం ఆగి ఇంకొకటి.

"మొదటిది నిజంగా ఉండాల్సింది. రెండోది నాకు వినబడేది. ఇంత ఎడం ఉంది. నేను ఇంత ముందుకు జరిగి కొడుతున్నా. ఎప్పుడు చూడూ ఇంతే, ఒక రోజు ఎక్కువ ఒక రోజు తక్కువ కాదు. ముసలి చెవి అయితే రోజుకో రకంగా తప్పాలి కదా. ఆ మోత ఎక్కడో చాలా దూరం తిరిగొస్తోందే. దానికి ప్రయాణం బడలిక ఉంది."

ఆవిడ చేత పదిసార్లు కొట్టించి ఫోన్లో రికార్డు చేశాను. కొలిచి చూస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య సగటున సెకనును వెయ్యి ముక్కలు చేసి అందులో రెండువందల అరవై. మనకది రెప్పపాటు. మేళానికి మెట్టు తప్పి కాలు వెయ్యడం.

నేను కాలేజీలో చదివింది భూగోళశాస్త్రం. పెళ్ళయ్యాక ఆ చదువు ఏ బజారుకు ఏ బస్సో తెలుసుకోవడానికే పనికొచ్చింది. కానీ దూరం అనేసరికి నాలో ఏదో లేచి కూర్చుంది. మా మేడమీదనుంచి చూస్తే, ఆకాశం కడిగినట్టున్న రోజున జపాన్ వాళ్ళ దీవి కనిపిస్తుంది. ఫుకువోకా మాకు సియోల్ కంటే దగ్గర. సముద్రం అడుగునుంచి వచ్చే తీగలు ఒడ్డెక్కేది కూడా మా సొంగ్‌జొంగ్‌లోనే. అలాంటప్పుడు ప్రయాణం బడలిక ఎందుకు?

కంప్యూటర్‌కు ఒక ఆజ్ఞ ఇస్తే, మనం పంపింది ఏయే మజిలీల్లో ఆగుతూ వెళ్తుందో వరసగా చూపిస్తుందని ఎక్కడో చదివాను. మియహరా గారి కంప్యూటర్ చిరునామా ఇచ్చి నొక్కాను. మజిలీలు ఒక్కొక్కటే దిగాయి. మొదట బుసాన్. తర్వాత సియోల్. సరే, మా దగ్గర ఏ కాగితమైనా సియోల్ వెళ్ళే వస్తుంది. ఆ తర్వాతి మజిలీ పేరులో మూడక్షరాలు ఉన్నాయి, విమానాశ్రయంలో సూట్‌కేసుకు కట్టే చీటీమీద ఉండేలాంటివి. లాస్ ఏంజెలెస్. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. లాస్ ఏంజెలెసే. అక్కడినుంచి శాన్ హోసే, అక్కడినుంచి టోక్యో, అప్పుడు ఫుకువోకా. పోయి రావడానికి రెండువందల అరవై మూడు.

ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం విన్నాను. భూగోళం చుట్టూ తిప్పి చూపించడం అదే మొదటిసారి.

మళ్ళీ ఫోన్ చేస్తే మర్నాడు కంపెనీ మనిషి తక్ గారు వచ్చారు. యాభై ఐదేళ్ళు ఉంటాయి, మా ఊరాయనే. బూట్లు విడిచి లోపలికొచ్చి, తన పెట్టె తగిలించి, "ఈ ఇంటి లైను బంగారం మేడమ్" అన్నారు. నేను మజిలీలు రాసుకున్న కాగితం తీసి చూపించాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి కూర్చున్నారు.

"రోడ్డు వెడల్పుంది మేడమ్. నేను కొలిచేది వెడల్పే. రోడ్డు ఎటు వెళ్తోందనేది నా పెట్టెలో రాదు."

"లాస్ ఏంజెలెస్‌లో ఏం పని దానికి?"

"మా కంపెనీకీ, ఆ ఫుకువోకా కంపెనీకీ ఈ వైపు మాటల్లేవు. ఇద్దరికీ ఒప్పందం ఉన్నది అమెరికా పెద్దమనిషి కంపెనీతో. కాబట్టి మాది అక్కడికి తీసుకెళ్ళి అప్పగిస్తారు, వాళ్ళు అక్కడ అందుకుంటారు. పాలోళ్ళు మాట్లాడుకోకపోతే మేనమామ ఇంటికెళ్ళి కబురు చెప్పుకోరా, అలాగ."

"ఇక్కడే, మన ఒడ్డునే అప్పగించొచ్చు కదా. తీగ ఆ కొండ పక్కనే ఉంది."

"తీగ ఉంటే సరిపోదు మేడమ్, స్నేహం ఉండాలి. అది సియోల్‌లో కూర్చున్నవాళ్ళు తేల్చాలి. నేను రాసి పంపుతాను. కదిలేసరికి చలికాలం వస్తుంది." ఆయన పెట్టె సర్దుకుంటూ, మమ్మల్ని ఓదార్చడానికి కాబోలు, మా పెద్దల సామెత ఒకటి విసిరారు. "ఎలాగోలా చేరుతోంది కదా. పీతలా పక్కకు నడిచినా సియోల్ చేరితే చాలన్నారు."

మూలన కూర్చున్న అత్తయ్య తల ఎత్తింది.

"నేను పోవాల్సింది సియోల్‌కి కాదు కదా నాయనా" అంది.

తక్ గారు వెళ్ళాక నాకో అనుమానం మిగిలింది. మాల్‌జా పిన్ని షాపునుంచి ఎలా కుదిరింది? ఆవిడ చెవి మా అత్తయ్య చెవికన్నా గొప్పదేమీ కాదు. షాపు గోడమీద వేరే ఇంటర్నెట్ కంపెనీ బొమ్మ ఉంది.

తెలుసుకోవాలంటే షాపులో రెండు గంటలు కూర్చోవాలి. ఊరికే కూర్చోనివ్వరు. బుసాన్‌లో ఒక వయసు దాటిన ఆడవాళ్ళందరి తలలూ ఒకేలా ఉంటాయి, నూడుల్స్ ఉడికించి బోర్లించినట్టు, ఉంగరాలు ఉంగరాలుగా. నేను నలభై తొమ్మిదో ఏడు దాకా తప్పించుకు తిరిగాను. శుక్రవారం వెళ్ళి తల అప్పగించాను.

"ఎన్నాళ్ళకి చేతికి చిక్కావే దావున్ అమ్మా" అని మాల్‌జా పిన్ని మనసారా సంతోషించింది. "మీ అత్తగారు ఎలా ఉన్నారు? ఈ మధ్య గట్టిగా మాట్లాడాల్సి వస్తోందా?"

"లేదు పిన్నీ. మెల్లగా మాట్లాడితేనే ప్రమాదంగా ఉంది, అన్నీ వినబడుతున్నాయి."

తలనిండా చుట్టలు బిగించి, ఆవిరి టోపీ కింద కూర్చోబెట్టి ఆవిడ ఇంకొకరి దగ్గరికి వెళ్ళింది. నేను ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి, వంటల వీడియో చూస్తున్నట్టు ముఖం పెట్టి, అద్దంమీద అంటించిన పాస్‌వర్డ్ కొట్టి, ఆ ఆజ్ఞే ఇచ్చాను.

బుసాన్. బుసాన్. ఫుకువోకా. అంతే. పోయి రావడానికి తొమ్మిది.

మళ్ళీ నొక్కాను. తొమ్మిదే. ఆ కంపెనీకి అవతలివాళ్ళతో మాటలున్నాయి. మన ఒడ్డునే చేతిలో చెయ్యి వేసి అప్పగిస్తోంది. నేను టోపీ కింద ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క కుర్చీలో ఆవిడ తన నెత్తిమీద ఏమైనా అయిందేమోనని తడుముకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య సోయా మొలకల తోకలు తుంచుతోంది. నా తల చూసి చేతిలో మొలక కింద పడేసింది.

"ఎవరితోనైనా పోట్లాడావా?"

"మీ కోసమే అత్తయ్యా" అని ఎదురుగా కూర్చుని, నేనూ తోకలు తుంచుతూ మొత్తం చెప్పాను. ఏ మజిలీ ఎక్కడో, ఎంతో, వరసగా.

"అయితే నా చెవి?" అంది చివరికి.

"మీ చెవి పసిఫిక్ సముద్రాన్ని పోనూ రానూ కొలిచింది. మిషను రెండువందల అరవై మూడు అంది. మీరు ముల్లంగి చెక్కమీద రెండువందల అరవై అన్నారు."

ఆవిడ ఇంకో తోక తుంచింది.

"ఆ మూడూ మిషను తప్పయ్యుంటుంది."

అలాంటప్పుడు నాకు ఆవిణ్ణి చూస్తే ఎంత గర్వంగా ఉంటుందో చెప్పను. చెబితే నెత్తికెక్కి కూర్చుంటుంది. అసలు మాట అప్పుడు బయటపెట్టాను. మనం కంపెనీ మారదామంటే కొత్త లైను వేసేది పండుగ అయిపోయాక. మంగళవారానికి మిగిలిన దారి ఒక్కటే. మాల్‌జా షాపులో కూర్చుని కొట్టాలి.

అత్తయ్య తోకలు వదిలేసి తలలు తుంచడం మొదలుపెట్టింది.

"నాకు చెవి ఉందని చూపించుకోడానికి దాని గడప తొక్కాలా?"

"తొక్కకపోతే జేగంట ఆవిడకు పోతుంది."

"అది నన్ను చూసి నవ్వుతుంది."

"నవ్వనివ్వండి. తర్వాత మీరు కొడతారు కదా."

మొలకలన్నీ అయిపోయాక గిన్నె నా వైపు తోసింది. "దాని కుర్చీలో మాత్రం కూర్చోను. మన కుర్చీ తీసుకెళ్దాం. నా జుట్టు మీద చెయ్యి వేసిందా, లేచొచ్చేస్తా."

మంగళవారం పొద్దున్నే నేను కుర్చీ మోసుకుని, ఆవిడ జేగంట గుండెకు హత్తుకుని, వీధిలోంచి నడిచి వెళ్ళాం. సాధన ఇవాళ అక్కడేనని నేను ముందే కబురు పెట్టాను కాబట్టి షాపు నిండా జనం. మేళం వాళ్ళు డోళ్ళతో ఇరుక్కుని కూర్చున్నారు. మరో నలుగురు తలనిండా చుట్టలతో, మధ్యలో లేచి వెళ్ళలేక, వెళ్ళాలనీ లేక ఉన్నారు.

"రా అక్కా. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చావా?" అంది మాల్‌జా పిన్ని.

"వెళ్ళొచ్చా. నీ నోటికి మందు రాసిచ్చాడు."

నేను లాప్‌టాప్ పెట్టాను. తెరమీద మియహరా గారు తల వంచారు. ఫుకువోకా డోళ్ళు నడక మొదలుపెట్టాయి. అత్తయ్య అందుకుంది.

"బొంగ్‌సూన్ గారూ" అన్నారు మియహరా గారు రెండో చుట్టులోనే ఆపి, "ఇవాళ మీరు మాకన్నా ముందున్నారు."

"నిన్నటిదాకా వెనక, ఇవాళ ముందు. రేపు పక్క సందులో ఉంటుంది" అంది మాల్‌జా పిన్ని. చుట్టల తలలు కిసుక్కుమన్నాయి.

దారి సరిచేశాను గానీ చెయ్యి సంగతి మరిచిపోయాను. ఇరవై రోజులుగా ఆ చెయ్యి సముద్రం కోసం ముందుకు జరిగి కొట్టడం నేర్చుకుంది. ఇప్పుడు సముద్రం లేదు, చెయ్యి మాత్రం ఇంకా అక్కడే ఉంది. మేళం ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకావిడ డోలు ఒళ్ళోంచి దించబోయింది.

అత్తయ్య జేగంట కొట్టే పుల్ల ఒళ్ళో పెట్టుకుంది. ఎవరివైపూ చూడలేదు.

"ఎంత ముందు, మియహరా?"

"కొద్దిగా... చాలా కొద్దిగా."

"కొద్దిగా కాదు. పావు సెకను. ఇన్నాళ్ళూ మీ మోత అమెరికా చూసొచ్చేది, అందుకని నేను ఎదురెళ్ళి కొట్టేదాన్ని. ఇవాళ మీరు పక్కింట్లోకి వచ్చారు. ఇది నేను ఒక్కసారి వినాలి. నువ్వు కొట్టు, నేను ఊరికే వింటా."

ఫుకువోకా డోళ్ళు మళ్ళీ నడిచాయి. అత్తయ్య కళ్ళు మూసుకుని ఒక చుట్టు విన్నది. రెండో చుట్టు విన్నది. ఆవిడ మడమ నేలమీద మెల్లగా కదలడం నేను చూశాను. మూడో చుట్టులో జేగంట లేచింది.

మొదటి దెబ్బ వెంట్రుకవాసి ముందు పడింది. రెండోది సగం వెంట్రుక. మూడోది డోలు దెబ్బలోకే వెళ్ళి కూర్చుంది, కత్తి ఒరలోకి వెళ్ళినట్టు. ఆ తర్వాత ఏది ఇక్కడిదో ఏది అక్కడిదో తెలియలేదు. ఇందాక దించబోయిన డోలు మళ్ళీ ఒళ్ళోకి ఎక్కింది. షాపులో డోళ్ళు అందుకున్నాయి. అత్తయ్య నడక పెంచింది, రెండు ఒడ్డులూ కలిసి పెంచాయి. ఇంకా పెంచింది. అద్దాల ముందు దువ్వెనలు గిన్నెలో గలగలలాడాయి. చుట్టల తలలు నాలుగూ భుజాలు ఊపుతున్నాయి. తెరమీద మియహరా గారు మర్యాద మరిచి నోరు తెరిచి నవ్వుతున్నారు. ఆవిడ పళ్ళు చూడటం మాకు అదే మొదలు.

అత్తయ్య ఒక్క దెబ్బతో ఆపింది. ఫుకువోకా అదే దెబ్బమీద ఆగింది. ఒక్క డోలు కూడా మిగిలిపోలేదు.

మియహరా గారు నుదురు బల్లకు తగిలేంతగా వంగారు. "మొదటి జేగంట మీదే బొంగ్‌సూన్ గారూ. నన్ను మన్నించండి" అన్నారు. ఈసారి వాతావరణం పేరెత్తలేదు.

"నాది కాదని నేనెప్పుడన్నాను" అంది అత్తయ్య.

మాల్‌జా పిన్ని ఏమంటుందోనని అందరం చూశాం. అరలోంచి తన జేగంట తీసుకుంది. ఒక స్టూలు లాక్కొచ్చి అత్తయ్య ఎడమ పక్కన వేసుకుంది. మళ్ళీ దాన్ని ఒక అడుగు వెనక్కి జరిపి కూర్చుంది. ఎవరూ జరగమనలేదు.

అత్తయ్య తల తిప్పకుండానే ఆ చప్పుడు విన్నది.

"ఏమే, అంత వెనకెందుకు? నువ్వు జవాబు కొట్టకపోతే నా ప్రశ్న ఎవరికి?"

మాల్‌జా పిన్ని స్టూలుతో సహా ముందుకు జరిగింది. అత్తయ్య పుల్ల ఎత్తింది.